ఆదివారం ఆగిన ఊపిరి

కొమురవెల్లి మల్లన్న సన్నిధిలో ముగ్గుల పట్నం వేసి, పసుపు బండారి చల్లి, ఒగ్గు పూజారి కథ ఎత్తుకున్నాడంటే తెల్లారినా గొంతు తగ్గదు. ఆ ఒక్క ఛాతీలో అంత ఊపిరి ఎక్కడిదా అనిపిస్తుంది. భుజాన గొంగడితో వాళ్లు చిందేస్తుంటే నాకు పక్కనే మెతుకుసీమ తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గుర్తొస్తాడు. గొంగడి, గోచి, గజ్జెలు, చేతిలో కర్ర. లోకానికి ఆయన గద్దర్. విప్లవ సాంస్కృతిక సంస్థ జననాట్యమండలి వేదిక మీదికి ఆయన తెచ్చింది ఇలాంటి పల్లె బాణీలనే.

1997 ఏప్రిల్ 6న ఆయన్ని ఇంటి దగ్గరే కాల్చారు. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. తీస్తే ముప్పన్నారు. దాన్ని మోస్తూనే మరో ఇరవై ఆరేళ్లు ఆడాడు, పాడాడు.

2023 జులై 20న తీవ్రమైన గుండె జబ్బుతో అమీర్‌పేటలో ఆసుపత్రిలో చేరాడు. ఆగస్టు 3న బైపాస్ చేశారు. కోలుకున్నాడని కబురొచ్చింది. గండం గడిచిందనుకున్నాం.

ఇక్కడే మనం మోసపోతాం. కవాటం బాగుచేసినా, బైపాస్ చేసినా, రొమ్ము ఎముకను కోయక తప్పదు చాలామందికి. రక్తాన్ని యంత్రం తిప్పుతున్నంతసేపూ ఊపిరితిత్తులు ముడుచుకుని ఉంటాయి. తర్వాత కోత నొప్పికి రోగి గట్టిగా దగ్గలేడు, నిండుగా గాలి తీసుకోలేడు. కళ్లె లోపలే పేరుకుంటుంది. బంతులున్న గొట్టం చేతికిచ్చి పీల్చు, పీల్చు అని నర్సులు వెంటపడేది అందుకే. కిడ్నీలకూ అవి గడ్డురోజులే. పాత జబ్బులుంటే సరిగ్గా అప్పుడే తలెత్తుతాయి.

గద్దర్‌కు ఊపిరితిత్తుల జబ్బూ, మూత్ర సమస్యలూ ముందునుంచే ఉన్నాయి. అవి ముదిరాయి. పైగా వయసు. ఆగస్టు 6న పోయాడు. ఆదివారం, మల్లన్న వారం.

మైదానాలకు మైదానాలను లేపి నిలబెట్టిన ఛాతీ అది. గుండె దారికొచ్చాక ఊపిరి మొండికేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎల్బీ స్టేడియానికి జనం పోటెత్తారు. ఒకప్పుడు ఆయన కోసం గాలించిన రాజ్యమే అధికార లాంఛనాలతో సాగనంపింది. మరునాడు అల్వాల్‌లో, ఆయన పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలో మట్టిచేశారు. ఆ అంతిమయాత్ర జనంలోనే ఆయన మిత్రుడు, సియాసత్ పత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీఖాన్ గుండె ఆగి కన్నుమూశారు.