కరిగే మెష్, కరగని మెష్: వరుస తప్పిన చరిత్ర

హెర్నియా వైద్యం చరిత్రను చాలామంది మెట్ల వరుసలా చెబుతారు. మొదట కుట్లు, తర్వాత ఒంట్లో శాశ్వతంగా ఉండిపోయే ప్లాస్టిక్ జాలీ, అంటే మెష్, ఇప్పుడు పని కాగానే కరిగిపోయే మెష్. వినడానికి బాగానే ఉంటుంది కానీ తేదీలు ఒప్పుకోవు. కరిగే మెష్ 1980ల్లోనే వచ్చింది, హెర్నియా దగ్గర అప్పుడే ఓడింది.

తొలి దశల మీద పెద్ద తగాదా లేదు. ఇటలీలోని పాదువాలో ఎడోఆర్డో బస్సీనీ 1884లో గజ్జ హెర్నియాను పొరలు కలిపి కుట్టే పద్ధతి మొదలుపెట్టాడు. వెండి తీగల అల్లికలు, టాంటలమ్ జాలీలు వచ్చి పోయాయి. హ్యూస్టన్‌లో ఫ్రాన్సిస్ అషర్ 1958లో పాలిథిలీన్ మెష్ ఫలితాలు ప్రకటించాడు. వేడితో స్టెరిలైజ్ చేస్తే అది నిలిచేది కాదు కనుక కొన్నేళ్లకే పాలీప్రొపిలీన్‌కు మారాడు. లాస్ ఏంజెలెస్‌లో ఇర్వింగ్ లిక్టెన్‌స్టీన్ బృందం 1989లో వెయ్యి మంది ఫలితాలు వెలువరించాక గజ్జ హెర్నియాకు మెష్ మామూలు వైద్యమైపోయింది.

కరిగే మెష్ మొదట చేసింది వేరే పని. పాలీగ్లాక్టిన్, పాలీగ్లైకాలిక్ ఆమ్లం అప్పటికే సర్జన్ల చేతుల్లో ఉన్న కుట్లదారాలు. వాటితో అల్లిన గుడ్డను చీము పట్టి మూయడానికి వీల్లేని పొట్టలకు తాత్కాలికంగా కప్పేవారు. ఆ పనికి అది బాగా పనికొచ్చింది. కానీ పాలీగ్లాక్టిన్ బలం మూడు నాలుగు వారాల్లో చాలావరకు పోతుంది, రెండు మూడు నెలల్లో పదార్థమే కరిగిపోతుంది. ఆ తర్వాత అక్కడ హెర్నియా వస్తుందని సర్జన్లకు ముందే తెలుసు.

ఎందుకు వస్తుంది? ఆ కారణాన్ని పట్టించుకోకపోవడమే ప్రచారంలో ఉన్న కథలోని అసలు లోపం. మెష్ కన్నాల్లోకి కణాలు చేరి, దారాల చుట్టూ కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్ అల్లుకుంటుంది. కరిగే మెష్ వెనుక ఉన్న ఆశ ఒక్కటే: ఆధారం పోయేలోగా ఒళ్లే గట్టి గోడ కట్టుకుంటుందని. అయితే జర్మనీలోని ఆహెన్‌లో క్లింగె, షుంపెలిక్ బృందం హెర్నియా రోగుల కణజాలాన్ని పరీక్షించి, గట్టిదైన మొదటి రకం కొల్లాజెన్ వాటా తగ్గి, పలుచని మూడో రకం వాటా పెరిగిందని చూపింది. ఏ నాసిరకం సరుకు వల్ల గోడ ఒకసారి లొంగిందో, రెండోసారి కట్టేదీ దానితోనే. ఇది అందరికీ సమానంగా వర్తించదు. పొగతాగడం, ఊబకాయం, సర్జన్ నైపుణ్యం కూడా ఫలితాన్ని మారుస్తాయి. అయినా మిగతా కారణాలకంటే దీనికే ఎక్కువ బరువు ఇవ్వాలి.

2000 తర్వాతి రెండు దశాబ్దాల మీదే అసలు వివాదం. పేగు తెరవాల్సి వచ్చిన, సూక్ష్మజీవులు సోకిన గాయంలో ప్లాస్టిక్ పెట్టకూడదన్న నమ్మకం బలపడింది. దాని నీడలో పంది చర్మంతో, చనిపోయిన మనుషుల చర్మంతో చేసిన, ఒంట్లో కలిసిపోతాయని చెప్పే బయోలాజిక్ మెష్‌లు ఖరీదైన ధరకు అమ్ముడయ్యాయి. ఆ నమ్మకాన్ని నేరుగా పరీక్షించిన అమెరికా ట్రయల్ 2022లో వెలువడింది. 253 మందిలో కొందరికి పంది చర్మం మెష్, కొందరికి పాలీప్రొపిలీన్ వేశారు. రెండేళ్లకు హెర్నియా తిరగబెట్టింది మొదటి వర్గంలో 20.5 శాతం మందికి, రెండో వర్గంలో 5.6 శాతం మందికి. ఇన్‌ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మెష్ మధ్యస్థ ధర మొదటి వర్గంలో 21,539 డాలర్లు, రెండో వర్గంలో 105 డాలర్లు. ఆపరేషన్లు చేసింది ఆరితేరిన సర్జన్లు, మెష్ పెట్టింది కండరం వెనుక. చీముతో నిండిన గాయాలకు ఈ ఫలితాన్ని సాగదీయకూడదు. ఆ హద్దులు పెట్టుకున్నా పాత నమ్మకం కూలినట్టే.

నెలల తరబడి నిలిచి నెమ్మదిగా కరిగే సింథటిక్ మెష్‌లు పంది చర్మంతో సమానం కావు. వాటిని విడిగానే తూచాలి. ఆరు నెలల్లో కరిగే బయో-ఎ మెష్‌ను కలుషిత గాయాలున్న 104 మందిలో వాడితే రెండేళ్లకు 17 శాతం మందికి తిరగబెట్టింది. కష్టమైన రోగుల్లో అది నాసి ఫలితం కాదు. కానీ పోల్చడానికి పక్కన పాలీప్రొపిలీన్ వర్గం లేదు. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు నిలిచే ఫేసిక్స్ మెష్‌ను కూడా అయిదేళ్ల, పదేళ్ల ఫలితాలతోనే తూచాలి. ఆధారం మాయమయ్యాకే అసలు పరీక్ష మొదలవుతుంది కదా.

శాశ్వత మెష్‌కు కళ్లు మూసుకుని ఓటేయనూ కూడదు. కోత మచ్చల దగ్గర వచ్చే హెర్నియాలపై డెన్మార్క్ పరిశోధకులు 2016లో ప్రకటించిన లెక్కల్లో, తిరగబెట్టి మళ్లీ ఆపరేషన్ చేయించుకున్నవారు మెష్ లేనివారిలో 17.1 శాతం, కోత పెట్టి మెష్ వేయించుకున్నవారిలో 12.3 శాతం. అయితే ఈ రెండోవారిలో 5.6 శాతానికి అయిదేళ్లలో మెష్ వల్లే తీవ్ర సమస్యలు వచ్చాయి. కణజాలంలో అల్లుకుపోయిన మెష్‌ను తీయడం వేయడంకంటే కష్టం. ఫిజియోమెష్ అనే మెష్‌ను దాని తయారీదారే 2016లో మార్కెట్ నుంచి ఉపసంహరించాల్సి వచ్చింది.

అయినా మామూలు గజ్జ హెర్నియాకు ఖరీదైన కరిగే మెష్‌ను మెరుగైన సరుకుగా అమ్మడాన్ని ఈ ఆధారాలు సమర్థించవు. చవక మెష్ కూడా సరిపోతుందనడానికి ఉదాహరణ ఉంది. మహారాష్ట్రలోని దొండాయిచాలో డాక్టర్ రవీంద్రనాథ్ టోంగావ్‌కర్ దోమతెర గుడ్డను స్టెరిలైజ్ చేసి మెష్‌గా వాడాడు. కరగని అలాంటి చవక గుడ్డను ఉగాండాలో 302 మంది మగవారిపై ఖరీదైన మెష్‌తో పోల్చి చూశారు. 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత దోమతెర వర్గంలో ఒక్కరికే హెర్నియా తిరగబెట్టింది.