వాడ నుంచి నగరం – 6 : బోర్డు మీద జాగీర్, రికార్డులో నీరడి



పోయిన భాగం చదివి, నార్సింగి వైపు హాస్టల్లో ఉండే ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు. "అక్కా, ఇక్కడ ఎటు చూసినా టవర్లే. ఊరే కనబడతలేదు, ఇంక వాడ ఎక్కడిది?"

ఈ భాగం అతని ప్రశ్న కోసం. హైదరాబాద్ పడమటి అంచున పెరుగుతున్న ఈ పట్నాల్లో బతుకు ఎట్లా ఉందో చాలామందే రాస్తున్నారు. ట్రాఫిక్, ట్యాంకర్ నీళ్ళు, దుమ్ము, ఏటేటా పెరిగే అద్దెలు. అన్నీ నిజమే. రోజూ ఆ ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చునే నేను కాలేజీకి పోతాను. కానీ ఆ టవర్ కింది నేల ఇంతకుముందు ఎవరి చేతిలో ఉండేది, ఆ పేరు కాగితంలోంచి ఎట్లా జారిపోయింది అనేది మాత్రం ఎవరూ పెద్దగా అడగరు.

ముందు బోర్డులు చదవండి. బండ్లగూడ జాగీర్. మణికొండ జాగీర్. దాన్ని ఆనుకునే మణికొండ ఖాల్సా. ఖాల్సా అంటే శిస్తు నేరుగా నిజాం సర్కారు ఖజానాకు పోయే ఊరు. జాగీర్ అంటే ఆ శిస్తు ఒక జాగీర్దారు ఇంటికి పోయే ఊరు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. వ్యవస్థ రద్దయి డెబ్బై అయిదేళ్ళు దాటినా పేరు రద్దు కాలేదు. దుకాణాల బోర్డుల మీద, ఇంటి పన్ను రసీదుల మీద ఇప్పటికీ జాగీర్ అనే ఉంది. మరి అదే ఊళ్ళో చెరువు తూము తీసిన నీరడి పేరు మీద ఒక్క కాలనీ చూపించండి. ఒక్క వీధి చూపించినా చాలు.

నీరడి అంటే తెలియని పిల్లలు ఇప్పుడు మా క్లాసులోనే సగం మంది. చెరువు కట్ట కాపలా, తూము తీయడం, మూయడం, ఆయకట్టులో వంతుల ప్రకారం మడిమడికీ నీళ్ళు పారించడం అతని పని. కట్టకు గండి పడే రాత్రి అందరికంటే ముందు నీళ్ళలో దిగేదీ అతనే. సేత్సింధి పటేలు వెంట తిరగాలి, కబురు మోయాలి, కాపలా కాయాలి. బేగరి పిలిచిన చోటికల్లా బరువు మోయాలి. తెలంగాణలో చాలా ఊళ్ళలో ఈ పనులు మాల మాదిగలవే. దీనికి బదులుగా కల్లం దగ్గర కొంత గింజ, చెరువు కిందో మెట్ట మీదో కొంత భూమి. ఆ భూమి పేరు ఇనాము. బలవంతపు చాకిరీకి ఇచ్చే కూలిని బహుమానం అని పిలిచిన భాష అది. భాగ్యరెడ్డి వర్మ తన నవలకు 'వెట్టి మాదిగ' అని పేరు పెట్టడంలో ఉన్న నిక్కచ్చితనం రెవెన్యూ భాషకు ఎన్నడూ లేదు. తెలుగు సాహిత్యం చదివే విద్యార్థులు ఈ రెండు మాటలనూ, ఇనామునూ వెట్టినీ, పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇప్పుడు అసలు సంగతి. 1955లో హైదరాబాద్ రాష్ట్రం ఇనాముల రద్దు చట్టం తెచ్చింది. ఇనాము భూముల్లో సాగు చేసుకుంటున్నవాళ్ళకు హక్కు పత్రం దొరికే దారి అది. మొదటి సెక్షన్ తీసి చూడండి. ఈ చట్టం ఏయే ఇనాములకు వర్తించదో అక్కడే ఉంది. ఊరి సేవ కోసం ఇచ్చిన ఇనాములు, అంటే సేత్సింధి, నీరడి, బలూతా ఇనాములు. పేర్లు పెట్టి మరీ బయట ఉంచారు. మిగతా ఇనాములకు తలుపు తెరిచిన చట్టం మన భూమి దగ్గరికొచ్చేసరికి "నువ్వు సేవ చేస్తున్నావు కదా, చేస్తూ ఉండు" అన్నది. చెరువు ఉన్నన్నాళ్ళు, పటేలు ఉన్నన్నాళ్ళు భూమి. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. చెరువుల కింద సాగు కూడా పోయింది. సేవ ఆగాక ఆ భూమి ఎవరిదన్న తగాదాలు తహసీల్ ఆఫీసుల్లో, కోర్టుల్లో ఇంకా నలుగుతూనే ఉన్నాయి.

అదే కాలంలో జాగీర్దార్లకు ఏం జరిగింది? జాగీర్లు పోయినందుకు లెక్కగట్టి పరిహారం ఇచ్చారు. దానికి కమ్యుటేషన్ అని పేరు, దానికోసం 1950లో వేరే రెగ్యులేషన్. ఆ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

సేవా ఇనాము ఒక దారి అయితే, అసైన్డ్ పట్టా రెండో దారి. తెలంగాణ ప్రాంతానికి 1958లో వచ్చిన జీవోతో, భూమి లేని పేదలకు ఇచ్చే పట్టా వారసులకు వస్తుంది, అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు అన్న షరతు ఖాయమైంది. ఎక్కడి భూమి ఇచ్చారు? నాగలి దిగే నల్లరేగడి ఎవరూ ఇవ్వలేదు. గుట్ట వాలు, రాళ్ళ కంచె, చెరువు పైభాగం, ఊరికి ఆఖరు. ఒక తరం ఆ రాళ్ళు ఏరి, గట్లు వేసి, జొన్న, కంది పండించింది. నలభై ఏళ్ళు గడిచేసరికి నగరం వచ్చి మీద పడింది. వ్యవసాయానికి పనికిరాదని మనకిచ్చిన గుట్టా, చెరువు అంచూ ఇప్పుడు విల్లాలకు అన్నిటికంటే మంచి నేల అయ్యాయి. గుట్ట మీద నుంచి చెరువు కనిపించడానికి ఈ రోజుల్లో వేరే రేటుంది మిత్రులారా.

ధర ఎంత దాకా పోయిందో తెలుసు కదా. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ వేలం భూమి దళితులదని నేను అనడం లేదు, దాని కథ వేరు. కానీ పక్క ఊళ్ళో రెండెకరాల అసైన్డ్ పట్టా ఉన్న మనిషి ఇంటికి ఆ మర్నాటి నుంచి ఎవరెవరు వస్తారో ఊహించండి.

1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదంది. అమ్మినా, కొన్నా ఆ భూమిని వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకే తిరిగి ఇవ్వాలన్నది అందులో ఉన్న ఆలోచన. "అమ్ముకునే హక్కు ఇస్తే మనోళ్ళు బాగుపడేవాళ్ళు" అని ఈ మధ్య మన మిత్రులే కొందరు వాదిస్తున్నారు. నేను ఒప్పుకోను. ఆ చట్టమే లేకపోతే 1980ల్లోనే సారా బాకీ కింద, బిడ్డ పెళ్ళి అప్పు కింద అంతా పోయేది. అది కాగితం మీద మంచి చట్టం. పని చేసిన తీరు వేరు. కొనేవాడు తెల్లకాగితం మీద సాదా బైనామా రాయించుకుని కబ్జాలోకి వస్తాడు. పహాణీలో పట్టాదారు గడిలో మనవాడి పేరు, అనుభవదారు గడిలో అతని పేరు. పదేళ్ళ తర్వాత షరతు తప్పారని నోటీసు వస్తుంది. ఆ నోటీసు పేరు చూసుకుని వాడకే వస్తుంది. భూమి పేదవాడికి తిరిగి రావాలన్న సెక్షన్ మూల పడి, భూమి సర్కారుకు పోతుంది. అక్కడ నుంచి ప్రజా ప్రయోజనం అన్న పేరుతో ఇంకెవరికో చేరుతుంది. కోనేరు రంగారావు అధ్యక్షతన వేసిన భూ కమిటీ 2006లో 104 సిఫార్సులు ఇచ్చింది. అసైన్డ్ భూములు పేదల చేతుల్లోంచి ఎట్లా జారిపోతున్నాయో ఆ నివేదిక దాచకుండా రాసింది. పరిశోధన చేసే పిల్లలు దాన్ని తప్పక చదవండి, కథలంత స్పష్టంగా ఉంటుంది.

ఇంక సర్కారే రోడ్డు కోసమో పరిశ్రమ కోసమో భూమి తీసుకుంటే? చాలాకాలం అసైన్డ్ భూమికి పరిహారం అన్న మాటే లేదు. "మేమిచ్చాం, మేమే తీసుకుంటున్నాం" అన్నదే జవాబు. 1993 డిసెంబరులో 1307 నంబరు జీవో వచ్చింది. మార్కెట్ ధరతో సమానంగా డబ్బిస్తారు, అయితే దాన్ని ఎక్స్‌గ్రేషియా అంటారు. ఎక్స్‌గ్రేషియా అంటే దయతో ఇచ్చేది. ఇప్పుడు కమ్యుటేషన్ గుర్తు చేసుకోండి. తరతరాలు శిస్తు తిన్నవాడికి అందింది లెక్క ప్రకారం రావలసిన హక్కు. రాళ్ళు ఏరినవాడికి దయ. పేరులో తేడా ఉంటే డబ్బులోనూ తేడా ఉంటుంది, ఎందుకంటే దయకు సొలేషియం ఉండదు. ఈ తేడాను ఎదిరించింది ఢిల్లీ లాయర్లు ఎవరో కాదు. ఇదే రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ డివిజన్‌లోని అసైన్డ్ రైతుల కేసు హైకోర్టు దాకా పోయింది. 2004లో విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది: అసైన్డ్ పట్టాదారుకు కూడా మిగతా పట్టాదారులతో సమానంగా పూర్తి పరిహారం ఇవ్వాలి, సొలేషియంతో సహా. 2013 భూసేకరణ చట్టం భూయజమాని అన్న మాటకిచ్చిన నిర్వచనంలోకి అసైన్డ్ భూములు కూడా వచ్చాయి. ఇన్ని కాగితాలు మన పక్షాన ఉన్నాయి. ఉన్నాయని వాడలో ఎంతమందికి తెలుసు?

చెరువుల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. 2024 జులైలో హైడ్రా వచ్చింది. చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి, శిఖం భూమి ఎక్కడ మొదలవుతుంది అని ఇప్పుడు శాటిలైట్ బొమ్మలు, పాత పటాలు వెతుకుతున్నారు. మంచిదే. కానీ ఆ గీత ఎక్కడుందో కాళ్ళతో తెలిసిన మనుషులు ఆ చెరువు పక్క బస్తీలోనే ఉన్నారు. తాత నీరడి. ఏ వానకు నీళ్ళు ఏ చింతచెట్టు మొదలు తాకేవో చెప్పగల ముసలమ్మలు ఉన్నారు. వాళ్ళను సాక్షులుగా పిలిచిన సర్వే ఒక్కటీ నా కంట పడలేదు. కూల్చివేత వచ్చినప్పుడు మాత్రం ఆ బస్తీకి కూడా భయమే.

2018 ఆగస్టు ఇంకో మలుపు. ఆ నెలలో రాష్ట్రమంతటా కొత్త మున్సిపాలిటీలు వచ్చాయి. మణికొండ, నార్సింగి, తెల్లాపూర్, శంకర్‌పల్లి, ఆదిభట్ల, తుర్కయాంజాల్ అన్నీ అప్పటివే. ఊరు పట్నమైందని ఫ్లెక్సీలు కట్టారు. వాడలో జరిగింది ఇది: ఉపాధి హామీ పల్లెలకే కాబట్టి జాబ్ కార్డు పనికిరాకుండా పోయింది. ఎస్సీ మహిళకు రిజర్వ్ అయి, గెలిచి, గ్రామసభలో కుర్చీ మీద కూర్చునే సర్పంచ్ పదవి పోయింది. గ్రామసభే పోయింది. వార్డు కౌన్సిలర్ ఎన్నికల్లో ఖర్చు పెట్టేది ఎవరో తెలిసిందే. ఇంటి పన్ను మాత్రం మున్సిపాలిటీ లెక్కన వచ్చింది. పల్లె దళితుడి బతుకు మీద మన సాహిత్యంలో చాలా ఉంది. గోగు శ్యామల కథల్లో తాండూరు వైపు వాడ మనుషులు, వాళ్ళ భాష ఎంత నిండుగా ఉంటాయో మీకు తెలుసు. ఒక్క జీవోతో పల్లె కాకుండా పోయిన వాడ మీద మాత్రం ఇంకా సరిపడా కథలు రాలేదు. రాయాల్సింది మీరే.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు జవాబు. వాడ ఎక్కడికీ పోలేదు. రెండు గేటెడ్ కమ్యూనిటీల గోడల మధ్య, ఆటో తిరగని సందులో, రేకుల ఇళ్ళతో, ఒక అంబేడ్కర్ విగ్రహంతో ఉంటుంది. మ్యాపులో దాని పేరు ఉండదు, "ఫలానా విల్లాస్ వెనక" అంటే డెలివరీ బాయ్‌కి తెలుస్తుంది. పొద్దున ఆరింటికి ఆ సందులోంచి ఆడవాళ్ళు బయల్దేరతారు. హౌస్‌కీపింగ్, వంట, పిల్లల్ని చూసుకోవడం. చాలా అపార్ట్‌మెంట్లలో వాళ్ళు ఎక్కాల్సింది సర్వీసు లిఫ్టు. అదే టవర్లో అద్దెకు ఇల్లు అడిగితే, జీతం ఎంతని అడిగే ముందు ఇంటిపేరు అడుగుతారు, తర్వాత "మేము ప్యూర్ వెజ్" అంటారు. నేను డాక్టరేట్ పట్టుకుని కూడా ఈ ఇంటర్వ్యూకి చాలాసార్లు హాజరయ్యాను.

సరే, చేయాల్సిన పని చెప్తాను. మీ ఊరు ఈ రింగు రోడ్డు చుట్టుపక్కలదైతే ఇంట్లో ముసలివాళ్ళను అడిగి సర్వే నంబరు రాసుకోండి. సరిగ్గా తెలియకపోతే చెరువు పేరు, గుట్ట పేరు అడగండి, అక్కడ నుంచి నంబరు పట్టుకోవచ్చు. తహసీల్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి చేసాల పహాణీ, 1958 నుంచి అసైన్‌మెంట్ రిజిస్టర్ నకళ్ళు అడగండి. పాత పహాణీల్లో అనుభవదారు గడి ప్రత్యేకంగా చూడండి. 2020లో ధరణి వచ్చినప్పుడు ఆ గడినే తీసేశారు, అంటే ఎవరు దున్నారన్న సాక్ష్యం కొత్త రికార్డులో లేదు, పాత కాగితంలోనే ఉంది. 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి రోజున, ధరణి స్థానంలో భూభారతి తెచ్చారు. తేదీ బాగానే ఎంచుకున్నారు. మీ నంబరు అందులో ఏ జాబితాలో ఉందో కూడా చూసి రాసుకోండి.

నకళ్ళు ఉర్దూలో వస్తే కంగారు పడకండి. నాకు పంపండి, చదివిపెట్టే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఇప్పటికే మూడు ఊళ్ళ నుంచి వచ్చాయి.

వచ్చే భాగం శ్మశానాల మీద. కాంపౌండ్ గోడ కట్టేశాక శవాన్ని ఏ దారిన మోసుకుపోవాలో తెలియని వాడలు, ఆ శ్మశానాల సర్వే నంబర్లు.

(ఇంకా ఉంది)