టైరు కొలత – స్పీడోమీటరు కచ్చితత్వం

వాహనం టైరు వ్యాసం మారితే స్పీడోమీటరు చూపే వేగానికీ, అసలు వేగానికీ తేడా వస్తుంది. స్పీడోమీటరు నేల మీద వేగాన్ని నేరుగా కొలవదు. చక్రం లేదా గేరుబాక్సు ఎంత వేగంగా తిరుగుతోందో గ్రహించి, తయారీదారు నిర్ణయించిన టైరు చుట్టుకొలతతో లెక్కగడుతుంది.

లెక్క: 185/65 ఆర్15 టైరు వ్యాసం 621.5 మి.మీ.; 195/65 ఆర్15 టైరుది 634.5 మి.మీ. తేడా సుమారు 2 శాతం. మొదటి టైరుకు కచ్చితంగా సరిచేసిన మీటరు 100 చూపుతున్నప్పుడు, రెండో టైరుతో బండి అసలు వేగం గంటకు 102 కి.మీ. ఓడోమీటరులో దూరం కూడా తక్కువగా నమోదవుతుంది. చిన్న టైరు వేసినా, ఉన్న టైరు అరిగినా ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది.

నిబంధనలు: ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపరాదు. భారతదేశంలో కేంద్ర మోటారు వాహనాల నియమాలు (1989)లో 117వ నియమం స్పీడోమీటరుకు సంబంధించినది.

ఉత్తర తెలంగాణలో: నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా సాగే 44వ జాతీయ రహదారిపైనా, కరీంనగర్ మీదుగా పోయే రాజీవ్ రహదారిపైనా పెద్ద టైర్ల బండి మీటరు ప్రకారం పరిమితిలోనే ఉన్నా, నిజానికి దాన్ని దాటి ఉండవచ్చు. అందువల్ల తయారీదారు సూచించిన కొలత టైర్లనే వేయించుకోవాలి.