మంగళగిరి మీద ఆ ఇరవై నిమిషాలు

2025 జనవరి 18, శనివారం. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మంగళగిరి.

డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్ క్యాంపు కార్యాలయం. రెండంతస్తుల భవనం, పనులింకా నడుస్తున్నాయి. దాని మీద ఏదో గుయ్‌మంటోంది. సిబ్బంది తలెత్తారు. డ్రోన్! ఎవరిదో తెలీదు. ఎందుకొచ్చిందో తెలీదు. తరిమితే పోయేది కాదు. అది మాత్రం అక్కడక్కడే తిరుగుతోంది.

ఒంటిగంటా యాభై దాకా తిరిగింది. వెళ్లిపోయింది.

అంతే, ఫోన్లు మోగాయి. డీజీపీకి ఫిర్యాదు. గుంటూరు కలెక్టర్‌కి, ఎస్పీకి కబురు. దాదాపు నెల ముందే పార్వతీపురం మన్యం పర్యటనలో ఒక నకిలీ ఐపీఎస్ అధికారి యూనిఫాం వేసుకుని పవన్ చుట్టూ తిరిగాడన్న సంగతి ఇంకా ఎవరి మనసులోంచీ పోలేదు కాబట్టి, ఈసారి ఆకాశంలోంచి వచ్చింది ఎవరన్న ప్రశ్న సాయంత్రానికల్లా టీవీలకెక్కి, రాష్ట్రమంతా పాకిపోయింది. పోలీసులు కదిలారు. వెతకాల్సింది డ్రోన్‌ని కాదు. రిమోట్ పట్టుకున్న చేతిని.

అంతకు పదేళ్ల ముందు అమెరికా వాళ్లకీ ఇదే గండం. 2015 జనవరి 26, వాషింగ్టన్‌లో తెల్లవారుజాము మూడు. ఒబామా ఇంట్లో లేరు, మన గణతంత్ర దినానికి ముఖ్య అతిథిగా ఢిల్లీలో ఉన్నారు. వైట్‌హౌస్ పచ్చికలో ఒక డ్రోన్ దబ్బున పడింది. సీక్రెట్ సర్వీస్ పరుగులు పెట్టింది. ఎగరేసినవాడు ఉగ్రవాది కాదు, ప్రభుత్వోద్యోగే. మందు మీద ఉన్నాడు. ఫ్రెండు డ్రోన్ తీసుకుని అపార్ట్‌మెంట్ నుంచి వదిలాడు. చేయి దాటిపోయింది. చేసేదేం లేక పడుకున్నాడు! తెల్లారాక వార్త తెలిసింది. తనే ఫోన్ చేసి ఒప్పుకున్నాడు. కేసు పెట్టలేదు గానీ, ఆ డ్రోన్ తయారుచేసిన డీజేఐ మాత్రం వాషింగ్టన్ మీద ఎగరకుండా సాఫ్ట్‌వేర్‌లోనే గీత గీసేసింది.

మరి మంగళగిరిలో ఎవరు?

దర్యాప్తులో తేలింది. శత్రువూ కాదు, గూఢచారీ కాదు. ఏపీ ఫైబర్‌నెట్! ట్రాఫిక్, పారిశుద్ధ్యం, కాలవల పరిస్థితి చూడ్డానికి పైలట్ ప్రాజెక్టుగా ప్రభుత్వ సంస్థే ఎగరేసిన డ్రోన్. మూడు నెలల ముందు, 2024 అక్టోబరులో, అమరావతి డ్రోన్ సమ్మిట్ జరిగిందీ ఈ మంగళగిరిలోనే. కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఒకేసారి లేస్తే జనం చప్పట్లు కొట్టారు. ఇక్కడ ఒక్కటి లేచింది, రాష్ట్రం ఉలిక్కిపడింది. తేడా ఒక్కటే. కింద ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఇదే పని అనకాపల్లి జిల్లా చోడవరంలో కొత్తగా డ్రోన్ కొన్న కుర్రాడు చేస్తే? అక్కడి స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి మీదకో, ఎవరి డాబా మీదకో పంపితే? 'మనవాళ్లదే' అని చెప్పేవాళ్లు అతనికుండరు.

అందుకే మొదటిరోజు ఊళ్లో వద్దు. చెరకు కొట్టేసిన మడి చూసుకోండి. నిలబడున్న తోటలో పడిందా, వెతకడానికి పగలు చాలదు. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కేకొద్దీ గాలి లేస్తుంది. జీపీఎస్ కుదిరి, హోమ్ పాయింట్ (అది తిరిగి రావాల్సిన చోటు) రికార్డయిందని ఫోన్ చెప్పేదాకా స్టిక్ ముట్టుకోవద్దు. తిరిగొచ్చే ఎత్తుని తాటిచెట్లకీ కరెంటు తీగలకీ పైన పెట్టండి. సిగ్నల్ తెగితే అది ఆ ఎత్తులోనే వెనక్కొస్తుంది. తోక ఎప్పుడూ మీ వైపే ఉండాలి. ముక్కు ఇటు తిరిగిందంటే మీ కుడి దానికి ఎడమ. కొత్తవాళ్ల డ్రోన్లు చెట్టెక్కేది ఆ క్షణంలోనే. బ్యాటరీ 30 శాతానికొచ్చిందా, ఇంకొక్క షాట్ అనుకోవద్దు. దించేయండి.

2021 డ్రోన్ రూల్స్ మరీ కఠినమేమీ కావు. రెండు కిలోల లోపు డ్రోన్‌ని సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. పెళ్లి వీడియోకి డబ్బు పుచ్చుకుంటే మాత్రం, 250 గ్రాములు దాటిన డ్రోన్‌కి కావాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయొచ్చు. విశాఖ వెళ్తే లెక్క మారుతుంది. అక్కడి ఎయిర్‌పోర్టు నేవీది. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ రంగు చూడకుండా పెట్టె తెరవొద్దు. రూల్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

ఇంకొక్క పని మిగిలింది. పక్క పొలం రైతుకీ, ఎదురింటి అమ్మకీ ముందే చెప్పండి. గుడో సంతో దగ్గర్లో ఉంటే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి అడగండి. ఆ తర్వాతే ఎగరేయండి.