వైజాగ్ ట్రిప్: తార్నాక నుంచి బీచ్ రోడ్ దాకా.. నీళ్లలోకి దిగే ముందు ఇది చదవండి

సెలవులు వచ్చాయంటే ఓయూ హాస్టళ్లలో, తార్నాక రూముల్లో ముందు వినిపించే మాట 'చలో వైజాగ్'. ట్యాంక్‌బండ్ ఎన్నిసార్లు చూసినా సముద్రం సముద్రమే కదా! మరి ఎలా వెళ్లాలి? అక్కడ ఎలా తిరగాలి? ముఖ్యంగా ఎక్కడ ఆగిపోవాలి?

తార్నాకలో మెట్రో ఎక్కితే మెట్టుగూడ తర్వాత సికింద్రాబాద్ ఈస్ట్. అక్కడ దిగితే రైల్వే స్టేషన్ పక్కనే. రాత్రి ప్రయాణానికి గోదావరి ఎక్స్‌ప్రెస్, గరీబ్‌రథ్ ఉన్నాయి. వందేభారత్‌లు రెండు.. ఒకటి తెల్లవారుజామున, ఇంకోటి మధ్యాహ్నం. దాదాపు ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. అయితే ఒక్క విషయం. సికింద్రాబాద్ స్టేషన్‌లో పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్లను చర్లపల్లికి మార్చారు. అది తార్నాక నుంచి పూర్తిగా వేరే దిక్కు. టికెట్ మీద స్టేషన్ పేరు చూడకుండా బయల్దేరితే రైలు మిస్సే. రిజర్వేషన్ 60 రోజుల ముందు ఓపెన్ అవుతుంది, సంక్రాంతికైతే ఆ రోజే కూర్చోవాలి.

వైజాగ్ బీచ్ రోడ్‌ని దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక గీతలా ఊహించుకోండి. దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ, దాని అవతల యారాడ. కొండ పక్కనుంచే ఓడలు పోర్టులోకి వెళ్తాయి. ఈ పోర్టు 1933లో మొదలైంది. తర్వాత ఫిషింగ్ హార్బర్, ఆర్కే బీచ్, కాళీమాత గుడి, కురుసురా సబ్‌మెరైన్. ఇంకా పైకి వెళ్తే తెన్నేటి పార్క్, కైలాసగిరి, రుషికొండ, చివర్లో భీమిలి. రుషికొండ, భీమిలి వైపు 900కె సిటీ బస్సు ఉంది. ఆటో కంటే చాలా చవక, కిటికీ పక్కన సీటు దొరికితే ఇంకా మంచిది. పొద్దున్నే వాకర్స్ కోసం ఆర్కే బీచ్ దగ్గర కొంత దూరం బండ్లు ఆపేస్తారు. ఆటో అక్కడే దింపేస్తే గొడవ పడకండి, నడవండి. ఆ టైమే బాగుంటుంది.

కురుసురా 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. దాదాపు 91 మీటర్ల పొడవున్న జలాంతర్గామి లోపల నడిచి చూడొచ్చు. ఎదురుగానే టీయూ-142 యుద్ధ విమానం. రెండూ చూశాక ఇసుకలో మురి మిక్చర్ తినకపోతే ట్రిప్ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు విషయం. ఆర్కే బీచ్‌లో, యారాడలో అలల్లో కొట్టుకుపోయిన యువకుల వార్తలు మేం తరచూ రాస్తూనే ఉంటాం. వాళ్లలో హైదరాబాద్ నుంచి వెళ్లిన వాళ్లూ ఉంటారు. ఊళ్లో బావిలో, చెరువులో ఈత నేర్చుకున్న వాళ్లకి ధైర్యం ఎక్కువ. కానీ చెరువు నీళ్లు మనిషిని లోపలికి లాక్కెళ్లవు.

ఒడ్డుకొచ్చిన అలల నీరు తిరిగి వెళ్లడానికి ఒక సన్నటి దారి చూసుకుంటుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. చిక్కేమిటంటే అక్కడ అలలు తక్కువగా విరుగుతాయి, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. 'ఇక్కడ బాగుంది రా' అని అక్కడే దిగుతారు! ఇరుక్కుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఓపిక అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది, లాగడం తగ్గాక బయటికి రండి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఒడ్డు మీదున్న వాళ్లు వెంటనే దూకేయకూడదు. లైఫ్‌గార్డుకి చెప్పి, 112కి ఫోన్ చేసి, తేలే వస్తువు ఏదైనా విసరాలి.

ఆర్కే బీచ్‌లో ఇసుక కూడా ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుకని హార్బర్ గోడలు ఆపేస్తాయి. అందుకే పోర్టు వాళ్లు డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకని బీచ్‌కి పోస్తుంటారు. పోయినసారి మోకాళ్ల లోతే ఉన్న చోట ఈసారి కాలు అందకపోవచ్చు. స్నానం చేయాలనుంటే రుషికొండలో గుర్తులు పెట్టిన చోట, లైఫ్‌గార్డ్ ఉన్నప్పుడే దిగండి. చీకటి పడ్డాక, మందు తాగాక అస్సలు వద్దు.

ఆదివారం సాయంత్రం గోదావరి ఎక్కితే సోమవారం తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో ఉంటారు, క్లాస్ కూడా మిస్ కాదు. ఎలాగూ సోమవారం సబ్‌మెరైన్ మ్యూజియంకి సెలవే.