మునగక, తేలక

బావిలో జారిపడిన బిందెను తీయటానికి దిగిన గజ ఈతగానిని చూచినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. లోపలికి పోవటానికి అతడు శ్రమపడతాడు. పైకి రావటానికి అంత శ్రమ అక్కరలేదు. నిండుగా ఊపిరి పీల్చిన మనిషి శరీరం నీటికంటె కొంచెం తేలిక. మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పలకోసం మునిగేవారు పూర్వం తాడు కట్టిన రాతిపై కాలుమోపి అడుగుకు దిగేవారు. తరువాత పడవలోనివారు ఆ రాతిని పైకి లాగుకొనేవారు. దిగటానికి బరువు, ఎక్కటానికి తేలికతనం ఈ విధంగా సమకూరాయి. మరి నీటి నడుమ నిలవటం ఎట్లా?

దీనికి మూలసూత్రాన్ని క్రీ. పూ. 3వ శతాబ్దిలోనే ఆర్కిమెడీస్ చెప్పాడు. మునిగిన వస్తువును, అది తొలగించిన నీటి బరువుకు సమానమైన బలం పైకి నెడుతుంది. ఈ బలమూ వస్తువు బరువూ సమానమైతే అది మునగదు, తేలదు. చాలా చేపలు కడుపులోని గాలితిత్తి సహాయంతో ఇట్లాగే నిలుస్తాయి. ఇటలీ శాస్త్రజ్ఞుడు బొరెల్లి చేపను అనుకరించి, పిస్టన్‌తో తేలికతనాన్ని మార్చుకొనే మునక పరికరాన్ని ఊహించాడు. ఆయన 1679లో మరణించిన తరువాత వెలువడిన గ్రంథంలో అది ఉన్నది.

19వ శతాబ్దిలో లండన్‌లోని ఆగస్టస్ సీబే తయారుచేసిన లోహపు శిరస్త్రాణం, గాలి చొరని దుస్తు వాడుకలోకి వచ్చాయి. రొమ్ముమీద, వీపుమీద సీసపు దిమ్మలు, కాళ్లకు సీసపు జోళ్లు తగిలించుకొని మనిషి సముద్రపు అడుగున నడిచేవాడు. అయితే అతడు తలక్రిందులైతే దుస్తులోని గాలి కాళ్లవైపు చేరేది. గాలి విడిచే కవాటం శిరస్త్రాణంలో ఉండటంచేత ఆ గాలి బయటికి పోయేది కాదు. కాళ్లు పైకి, తల క్రిందికి అయి అతడు బెండువలె పైకి తన్నుకొని వచ్చేవాడు. అందుకే కాళ్లచుట్టూ దుస్తును త్రాళ్లతో బిగించేవారు. బరువెంత అన్నదే కాదు, బరువెక్కడ, గాలి ఎక్కడ అన్నదీ ప్రాణసమస్యే!

1943లో ఫ్రాన్సులో కూస్టో, గన్యాన్ అనువారు ఆక్వాలంగ్‌ను రూపొందించారు. దానిని మార్న్ నదిలో పరీక్షించినప్పుడు, శరీరం అడ్డంగా ఉంటే గాలి సక్రమంగా వచ్చింది. నిలువుగా ఉంటే వృథాగా పోయింది. తల క్రిందికి ఉంటే అందలేదు. గాలి పీల్చే భాగమూ, విడిచే మార్గమూ వేర్వేరు లోతులలో ఉండి వేర్వేరు పీడనాలకు లోనుకావటమే కారణం. రెంటినీ ఒకచోటికి చేర్చటంతో చిక్కు తీరింది.

ఊపిరి సమస్య తీరినా తూకం సమస్య మిగిలింది. 1952 ప్రాంతంలో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్నర్ చలినుండి కాపాడే నియోప్రీన్ దుస్తును రూపొందించాడు. అందులో నిండా వాయు బుడగలే. 10 మీటర్ల లోతున పీడనం రెట్టింపు. 1662లో బాయిల్ ప్రకటించిన నియమం ప్రకారం వాయు పరిమాణం సగమవుతుంది. కనుక దిగినకొద్దీ మనిషి బరువెక్కుతాడు. మరొకవైపు, 12 లీటర్ల సిలిండరులో 200 వాతావరణాల పీడనంతో ఉన్న గాలి దాదాపు 2.9 కిలోగ్రాములు. అందులో ముప్పాతిక వంతు పీల్చేసరికి అతడు రెండు కిలోగ్రాములకు పైగా తేలికవుతాడు. అదుపు తప్పి పైకి లేస్తే వాయువులు వ్యాకోచించి వేగం ఇంకా పెరుగుతుంది. అప్పుడు ఊపిరి బిగబట్టితే ఊపిరితిత్తులు చిట్లవచ్చును.

అందుచేత చివరి తేలికతనానికి సరిపడే సీసాన్ని ముందే కట్టుకొని, మొదటి అదనపు బరువును గాలి నింపిన తిత్తితో సరిచేయాలి. 1961లో ఫ్రాన్సులో మారిస్ ఫెంజీ మెడకు తగిలించుకొనే అటువంటి తిత్తిని తెచ్చాడు. 1971లో అమెరికాలో కోటువలె తొడుగుకొనే నమూనా వచ్చింది.

ఇక సమతూకం. సీసమంతా నడుముకు, గాలి రొమ్ముకు చేరితే కాళ్లు దిగజారుతాయి. తన్నిన ప్రతి తన్నూ అడుగుబురదను రేపుతుంది. కొంత సీసాన్ని నడుమునుండి పైకి, సిలిండరువైపు జరిపితే శరీరం అడ్డంగా నిలుస్తుంది. కావడి మోసేవాడు చేసేదీ ఇదే కదా! గరిమనాభిని, ఉత్ప్లవన కేంద్రాన్ని తగినచోట ఉంచటమే ఇందులోని రహస్యం.

మిగిలిన చిన్న సవరణకు ఏ పరికరమూ అక్కరలేదు. అర లీటరు గాలి ఎక్కువ పీల్చితే సుమారు అరకిలో తేలికతనం వస్తుంది. బొరెల్లి చేపలో చూచిన గాలితిత్తి మన రొమ్ములోనే ఉన్నది.