ఊరిని చదివే డిగ్రీ

మన దేశంలో సమాజశాస్త్ర చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా బొంబాయితో మొదలుపెడతారు. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో స్కాట్లండ్ పండితుడు పాట్రిక్ గెడెస్ ఆధ్వర్యంలో విభాగం ఏర్పడింది. 1921లో లక్నోలో రాధాకమల్ ముఖర్జీ అర్థశాస్త్రంతో జతచేసి ఈ శాస్త్రాన్ని నిలబెట్టాడు. 1924లో బొంబాయి విభాగం బాధ్యత జి.ఎస్. ఘుర్యే చేతికి వచ్చింది. ఇదంతా నిజమే. కానీ ఇది పీజీల చరిత్ర, పరిశోధనల చరిత్ర, ఆచార్యుల చరిత్ర. 18 ఏళ్ల వయసులో డిగ్రీలో చేరిన పిల్లలు కులాన్ని, కుటుంబాన్ని, ఊరిని మొదటిసారి ఒక శాస్త్రంగా చదవడం ఎప్పుడు మొదలైంది, ఎలా నడిచింది అన్న సంగతికి ఆ చరిత్రల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. అసలు కథ అక్కడే ఉందని నా నమ్మకం. ఈ శాస్త్రం మన నేలలో ఎంత లోతుకు దిగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది తేల్చాలంటే డిగ్రీ తరగతినే చూడాలి. ముఖ్యంగా హైదరాబాదును చూడాలి.

అంతకుముందు ఈ విద్య ఎవరి చేతిలో ఉండేదో గుర్తుచేసుకుంటే ఆ తరగతి విలువ తెలుస్తుంది. కులాల గురించి, తెగల గురించి రాయడం అప్పట్లో సర్కారు ఉద్యోగుల పని. 1901 జనాభా లెక్కల్లో బ్రిటిష్ అధికారి రిస్లీ ఏ కులం ఎక్కువ, ఏది తక్కువ అని వరస కట్టించాడు. మమ్మల్ని తక్కువ చేశారంటూ అర్జీలు వెల్లువెత్తాయి. 1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్స్టన్, కె. రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు తెచ్చాడు. నిజాం రాజ్యం మీద సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ అలాంటి గ్రంథమే 1920లో వెలువరించాడు. తెలుగువాళ్ల పెళ్లి తంతులు, చావు కర్మలు, గ్రామదేవతల కొలుపులు వాటిలో దండిగా దొరుకుతాయి. వాటిని తిరగేయకుండా ఇప్పటికీ పరిశోధకులకు పని జరగదు. అయితే ఆ పుస్తకాల్లో కనిపించే మాల, మాదిగ, గొల్ల, చాకలి, కోయ, గోండు మనుషులు అడిగినదానికి జవాబు చెప్పినవాళ్లే తప్ప రాసినవాళ్లు కారు. చదివినవాళ్లు అంతకన్నా కారు. వాళ్ల తలలు, ముక్కులు కొలిచారు, ఆచారాలు అడిగి రాసుకున్నారు. ఆ రాత ఏ అవసరానికి వాడాలో నిర్ణయించింది మాత్రం దొరతనమే. సమాజశాస్త్రం డిగ్రీ సిలబస్‌లోకి వచ్చిందంటే ఈ ఏర్పాటు తిరగబడే వీలు కలిగిందన్నమాట. ఎవరి గురించి రాశారో వాళ్ల పిల్లలే కలం పట్టే వీలు. నా వాదన ఇదీ: ఊళ్లోకి వెళ్లి పనిచేయడం నేర్పిన రోజుల్లో ఆ పిల్లలు తరగతిలో లేరు. ఆ పిల్లలు తరగతిలోకి వచ్చేసరికి ఆ పని నేర్పడం మానేశారు.

డిగ్రీ స్థాయిలో ఈ శాస్త్రానికి తొలి ఆశ్రయం ఇచ్చినవి బ్రిటిష్ ఇండియా విశ్వవిద్యాలయాల కన్నా రెండు సంస్థానాల విశ్వవిద్యాలయాలు కావడం విశేషం. మైసూరులో తత్వశాస్త్ర ఆచార్యుడు ఎ.ఆర్. వాడియా తన విభాగంలోనే దీనికి చోటు కల్పించాడు. ఉస్మానియాలో 1928లో బి.ఏ. స్థాయిలో ప్రవేశపెట్టారు. జర్మనీలో శిక్షణ పొంది వచ్చిన జాఫర్ హసన్‌కు బోధన అప్పగించారు. 1918లో స్థాపించిన ఉస్మానియాలో చదువంతా ఉర్దూలో సాగేది. పుస్తకాల కోసం అనువాద విభాగాన్నే నడిపేవారు. అంటే ఒక దేశభాషలో ఈ శాస్త్రాన్ని డిగ్రీ పిల్లలకు చెప్పే ప్రయత్నం స్వాతంత్ర్యానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే మన హైదరాబాదులో జరిగింది. మైసూరులో ఇది తత్వశాస్త్రం పంచన చేరిన అనుబంధ పాఠమే కదా, దాన్ని సమాజశాస్త్ర డిగ్రీగా లెక్కించవచ్చా అని అడిగేవాళ్లుంటారు. ఆ కొలత పెడితే ఏ దేశమూ నిలవదు. ఫ్రాన్సులో డర్కైమ్ 1887లో బోర్డో విశ్వవిద్యాలయంలో ఈ పాఠాలు మొదలుపెట్టింది ఉపాధ్యాయులకు బోధనాశాస్త్రం చెప్పే ఉద్యోగంలో ఉంటూనే. కేంబ్రిడ్జి అయితే 1960ల దాకా డిగ్రీ పరీక్షల్లో దీనికి చోటే ఇవ్వలేదు. ఎక్కడైనా ఈ శాస్త్రం ముందు ఇంకొకరి ఇంట్లోనే తలదాచుకుంది.

మైసూరు ప్రయత్నానికి ఫలితం ఏమిటన్న ప్రశ్నకు ఎం.ఎన్. శ్రీనివాస్ జీవితం జవాబు చెబుతుంది. భారతీయ సమాజశాస్త్రపు తొలి తరం పెద్దలెవరూ డిగ్రీలో ఈ శాస్త్రం చదవలేదు. ఘుర్యే సంస్కృతం నుంచి వచ్చాడు, ఇరావతి కర్వే తత్వశాస్త్రం నుంచి వచ్చింది. వాళ్ల పాండిత్యం అపారం. కానీ ఘుర్యే 1932లో కులం మీద రాసిన పుస్తకంలో ధర్మశాస్త్రాల బరువు ఎంతో కనిపిస్తుంది. శ్రీనివాస్ మాత్రం మైసూరు మహారాజా కాలేజీలో సామాజిక తత్వశాస్త్రం ఆనర్సు చదివి 1936లో బయటికొచ్చాడు. సమాజశాస్త్రం, మానవశాస్త్రం ఆయనకు డిగ్రీలోనే పరిచయం. తర్వాత బొంబాయిలో ఘుర్యే దగ్గర చేరాడు. గ్రంథాల్లో కనిపించే కులం వేరు, ఊళ్లో నడిచే కులం వేరు అని దేశానికి గట్టిగా చెప్పింది ఆయనే. 1948లో మైసూరు ప్రాంతంలోని రాంపుర అనే ఊళ్లో మకాం పెట్టి తన మాటను పనిలో చూపించాడు. దీనికి కారణం ఆక్స్‌ఫర్డ్ అని, అక్కడ మానవశాస్త్రవేత్తలు రాడ్‌క్లిఫ్-బ్రౌన్, ఇవాన్స్-ప్రిచర్డ్ దగ్గర నేర్చుకున్నాడని అభ్యంతరం చెప్పవచ్చు. పద్ధతి అక్కడిదేనన్నది నిజం. అయితే మైసూరులో పెళ్లి, కుటుంబం అనే అంశం మీద ఆయన తొలి పుస్తకం 1942లోనే అచ్చయింది. అప్పటికి ఆయన ఇంగ్లండు గడప తొక్కలేదు. సొంత ప్రాంతపు మనుషుల బతుకు శాస్త్రానికి తగిన విషయమన్న ఎరుక ఆక్స్‌ఫర్డ్ ఇచ్చింది కాదు. ఒక్క మనిషి కథతో డిగ్రీ చదువు గొప్పదని తీర్మానం చేయలేం గానీ, 18 ఏళ్ల పిల్లలకు ఈ విషయం అర్థం కాదు, పీజీలో చెబితే చాలు అన్న వాదన మాత్రం ఈ కథ ముందు నిలవదు.

ఇక ఉస్మానియా. 1940ల్లో అక్కడ ఈ విద్యకు వచ్చిన ఊపు అసాధారణమైనది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాదు రాజ్యంలో ఉండిపోవలసి వచ్చిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మధ్య తిరిగి పుస్తకాలు రాశాడు. కొమరం భీం తిరుగుబాటును 1940లో తుపాకులతో అణచిన తర్వాత గోండుల సమస్య ఏమిటో తెలుసుకోక తప్పని స్థితిలో నిజాం ప్రభుత్వం ఆయన్ను సలహాదారుగా పెట్టుకుంది. ఆయన ఉస్మానియాలో ఆచార్యుడిగానూ ఉన్నాడు. మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి, గోండీలో వాచకాలు తయారు చేయించాడు. ఎవరి గురించి పుస్తకాలు రాశాడో వాళ్ల చేతికి పలక అందించిన పని అది. ఆ తర్వాత మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే వచ్చాడు. విశ్వవిద్యాలయం చేపట్టిన గ్రామసేవా కార్యక్రమంలో భాగంగా వివిధ శాఖల విద్యార్థులు, అధ్యాపకులు కలిసి హైదరాబాదుకు దగ్గర్లోని శామీర్‌పేటకు వెళ్లారు. ఆ పని ఆధారంగా దూబే రాసిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో లండన్‌లో అచ్చయింది. భారతీయ గ్రామం మీద పూర్తి నిడివిలో వచ్చిన తొలి అధ్యయనాల్లో అది ఒకటి. ఒక తెలుగు ఊళ్లో ఎవరు ఎవరి ఇంట తింటారు, పొలం ఎవరిది, పండగ ఎవరిది, తగువు ఎవరు తీరుస్తారు అన్నది ప్రపంచమంతా చదివింది. శామీర్‌పేట ఇప్పుడు నగరంలో కలిసిపోతున్న ఊరు. ఆ పుస్తకం లేకపోతే 1950ల నాటి ఆ ఊరి బతుకు ఇంత వివరంగా మనకు మిగిలేది కాదు.

ఈ కాలాన్ని స్వర్ణయుగం అని పొగిడి ఊరుకుంటే అబద్ధమవుతుంది. ఉర్దూ మాధ్యమపు ఉస్మానియాలో చదువుకున్నవాళ్లలో ఎక్కువ మంది పట్నాల్లో స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు. పోలీసు చర్య తర్వాత మాధ్యమం ఇంగ్లీషుకు మారింది. ఉర్దూ అయినా ఇంగ్లీషు అయినా శామీర్‌పేటలో పుట్టిన తెలుగు పిల్లవాడికి, అంతకన్నా ఎక్కువగా తెలుగు పిల్లకు, ఆ గుమ్మం దూరమే. ఊరు చదువుకు వస్తువైంది గానీ ఊరివాళ్లు చదువరులు కాలేదు.

వాళ్లు వచ్చింది 1970ల నుంచి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులో తేవడం, కాలేజీలు తెలుగు మాధ్యమానికి తెరుచుకోవడంతో సమాజశాస్త్రం చిన్న పట్నాల బి.ఏ. తరగతుల దాకా చేరింది. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చి, ఇంటర్ చదవనివాళ్లకూ అర్హత పరీక్షతో డిగ్రీ దారి చూపింది. కూలి పనులు చేసుకునేవాళ్లు, పెళ్లయి చదువు ఆగిన ఆడవాళ్లు బి.ఏ. చదవగలిగారు. సిరాజ్ ఉల్ హసన్ పుస్తకంలో జవాబు చెప్పిన కులాల మనవలు, మనవరాళ్లు నిజంగా ఈ శాస్త్రం చదివింది అప్పుడే. ఇది చిన్న విషయం కాదు. అయితే చేతికి ఏమి వచ్చింది? మూడు సబ్జెక్టుల గ్రూపులో మూడో వంతు పాఠం. కామ్టే, డర్కైమ్, వెబర్ నిర్వచనాలు. కుటుంబ లక్షణాలు, కుల లక్షణాలు, పట్టణీకరణ దుష్ఫలితాలు. పరీక్ష ముందు గైడు. తన వీధిలో ఎన్ని కుటుంబాలున్నాయో, వాటిలో ఎందరు వలస వెళ్లారో లెక్కగట్టి రాయమని అడిగిన ప్రశ్నపత్రం అరుదు. వందమంది పిల్లలకు ఒక్క లెక్చరర్ ఉన్నచోట క్షేత్రపరిశీలన ఎలా చేయిస్తారని అధ్యాపకులు అంటారు. వాళ్ల కష్టం నిజం, తప్పు వాళ్లది కాదు. కానీ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలను ఊరికి పంపడానికి బస్సు చార్జీలు కూడా అక్కర్లేదు. సెలవుల్లో ఇంటికి వెళ్లేవాళ్ల చేతికి ఒక ప్రశ్నావళి ఇస్తే సరిపోయేది. అది సిలబస్ రాసినవాళ్లకు తట్టలేదు.

ఈ డిగ్రీతో ఉద్యోగం రాదు, అందుకే తరగతులు ఖాళీ అవుతున్నాయి అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయినా మన ప్రభుత్వాలే ఈ అభ్యంతరానికి ఎదురు సాక్ష్యం చెబుతున్నాయి. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో భారతీయ సమాజం, రాజ్యాంగం, పాలన పేరుతో పేపరు ఉంది. గ్రూప్-2లో సామాజిక నిర్మితి, సమస్యలు, ప్రభుత్వ విధానాలు ఉన్నాయి. సివిల్స్‌లో సోషియాలజీ బాగా పేరున్న ఆప్షనల్. ఇంజనీరింగ్ చదివినవాళ్లు, బి.కామ్ చదివినవాళ్లు 25 ఏళ్ల వయసులో హైదరాబాదు అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఫీజులు కట్టి కులవ్యవస్థ, వలసలు, బాలకార్మికుల గురించి నోట్సు బట్టీ పడుతున్నారు. తహసీల్దారు కాబోయే మనిషికి ఈ జ్ఞానం కావాలని రాజ్యమే ఒప్పుకున్నప్పుడు, దాన్ని కాలేజీలో కుదురుగా నేర్పకుండా హాస్టల్ గదుల్లో హడావిడిగా నేర్చుకోమనడం ఏమి న్యాయం?

ఆంధ్రప్రదేశ్‌లో మూడు సబ్జెక్టుల గ్రూపులు పోయి 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. సమాజశాస్త్రాన్ని మూడో వంతుగా కాక నిండుగా చదివే వీలు దాంతో ఏర్పడింది. అంతకన్నా ముఖ్యం, 2020-21లో మార్చిన డిగ్రీ చట్రంలో ప్రతి విద్యార్థీ 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలని నిబంధన పెట్టారు. ఏ గ్రూపు వాళ్లకైనా అది తప్పనిసరి. శామీర్‌పేటలో ఎంపిక చేసిన కొద్దిమందితో జరిగిన పని అక్కడ ప్రతి డిగ్రీ కాలేజీకీ నియమమైంది. దాన్ని సంతకాల రికార్డుగా మార్చి అటకెక్కించవద్దని కాలేజీలను, విశ్వవిద్యాలయాలను కోరుతున్నాను. ఆ ప్రాజెక్టులో చేసే సర్వేల ప్రశ్నావళిని సమాజశాస్త్ర అధ్యాపకుల చేత రాయించండి. పిల్లలు తమ ఊరి గురించి తెలుగులో రాసిన నివేదికలను కాలేజీ లైబ్రరీలో భద్రపరచండి. ఏటా వాటిలో మంచివాటిని అచ్చువేయండి.